ప్రాచీన చరిత్రలో ఎం.ఏ.: ఎవరికి, ఎందుకు, ఎంతవరకు

డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చేరతానంటే ఇంట్లోవాళ్ళు మొదట అడిగేది "అది చదివి ఏం చేస్తావు?" అని. ఆ మాటలో చదువు పట్ల చిన్నచూపు ఉందనుకోనక్కర్లేదు. రెండేళ్ళ ఖర్చునూ రెండేళ్ళ వయసునూ లెక్కవేసుకోవలసిన కుటుంబం అడిగి తీరవలసిన ప్రశ్నే అది. ఆ పాఠాలు చెప్పే ఆచార్యులకు మరో దిగులు ఉంటుంది: నాగార్జునకొండ శాసనాన్ని మూలంలో చదవగలవారు వచ్చే తరంలో తెలుగునాట ఎందరు మిగులుతారు? ఒకరిది బతుకుతెరువు గురించిన ఆందోళన, మరొకరిది విద్య గురించినది. రెండూ న్యాయమైనవే. ఒకదానికి జవాబిచ్చి రెండోదాన్ని దాటవేస్తే అది జవాబు కాబోదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చదువు ఒకే రూపంలో లేదు. ఉస్మానియాలోనూ తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం కలిపి ఒక విభాగంగా నిలబెట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చరిత్ర, పురావస్తు శాస్త్రం ఒకే గొడుగు కింద ఉన్నాయి. తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలం ప్రాంగణంలోనూ ఇలాంటి చదువు ఉంది. పేర్లు వేరైనా పునాది ఒకటే: రాసిన గ్రంథాల మీద మాత్రమే ఆధారపడకుండా రాయి, రాగిరేకు, నాణెం, కుండపెంకు నుంచి గతాన్ని రాబట్టడం.

ఈ చదువు డిగ్రీ స్థాయిలో దొరకనిది ఏమిస్తుందో తెలియాలంటే శాతవాహనుల సంగతి చూడవచ్చు. డిగ్రీ పుస్తకంలో వారి పాలన ఎప్పుడు మొదలైందో ఒక ఏడాది వేసి ఉంటుంది, విద్యార్థి దాన్ని గుర్తుంచుకుంటాడు. పీజీ తరగతిలో ఆ ఏడాది కింద ఉన్న నేల కదులుతుంది. మత్స్య పురాణం ముప్పై మంది రాజులను, సుమారు నాలుగున్నర శతాబ్దాల పాలనను చెబుతుంది. వాయు పురాణం చెప్పే రాజుల సంఖ్య అంతకంటే బాగా తక్కువ. మొదటి లెక్కను నమ్మితే వంశారంభం క్రీ.పూ. మూడో శతాబ్దంలో పడుతుంది, రెండో లెక్కను ఒప్పుకుంటే క్రీ.పూ. మొదటి శతాబ్దానికి జరుగుతుంది. తొలి శాసనాలు నాణేఘాట్, నాసిక్‌లలో ఉన్నాయి కాబట్టి వారి పుట్టిల్లు పశ్చిమ దక్కను అన్నవారున్నారు. బళ్ళారి ప్రాంతంలో దొరికిన శాసనాన్ని బట్టి అక్కడివారేనని సుక్తంకర్ వాదించారు. కోటిలింగాలలో దొరికిన, వంశ స్థాపకుడు చిముకుని నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి వెలుగులోకి తెచ్చాక తెలంగాణ వాదానికి బలం చేకూరింది. ఆ తర్వాత కర్ణాటకలోని కనగనహళ్ళి స్తూపం దగ్గర చిముకుని పదహారో రాజ్య సంవత్సరాన్ని పేర్కొన్న శాసనం బయటపడి లెక్కలన్నీ మళ్ళీ చూసుకునేలా చేసింది. ఇలా ఏ ఆధారం ఎంత బరువు మోయగలదో తూచడం అలవాటైతే అది చరిత్రకు మాత్రమే పరిమితమయ్యే నైపుణ్యం కాదు.

అయితే, రెండేళ్ళలో ఆ అలవాటు నిజంగా అబ్బుతుందా అన్నది వేరే ప్రశ్న. నాలుగు సెమిస్టర్లలో సింధు నాగరికత నుంచి పల్లవులు, చాళుక్యుల దాకా రాజకీయ చరిత్ర, కళ, మతం, నాణేలు, శాసనాలు, తవ్వకాల పద్ధతులు అన్నీ చదవాలి. తొలి ఆంధ్రదేశ శాసనాల్లో అత్యధికం ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. భట్టిప్రోలు ధాతుకరండాల మీది అక్షరాలు బ్రాహ్మీలోనే ఒక ప్రత్యేకమైన తీరు. ఎర్రగుడిలో అశోకుని చిన్న శాసనమైతే కొన్ని పంక్తుల్లో ఎడమ నుంచి కుడికి, మరికొన్నింటిలో కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వీటిని అనువాదంలో చదివి పరీక్ష రాసినవారికి, మూలాన్ని ఎదుర్కొన్నవారికి పట్టా ఒక్కటే. ఆధారాలను తూచడం నేర్పే చదువు ఆధారాన్ని స్వయంగా చదవనివ్వకపోతే, విద్యార్థి తూచేది ఆధారాలను కాదు, వాటి గురించి పండితులు చెప్పిన అభిప్రాయాలను. అది పనికిరానిదని అనలేం గాని, ఆ విభాగం తన గురించి చెప్పుకునేది మాత్రం అది కాదు.

అలాగని భాషలను అందరికీ తప్పనిసరి చేయాలన్న సూచనకు వెంటనే తలూపడమూ కష్టమే. ఈ కోర్సుల్లో చేరేవారిలో తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటి నుంచి మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవారు ఉంటారు. వారు ఇప్పటికే ఆంగ్లంలో ఉన్న 'ఎపిగ్రాఫియా ఇండికా' సంపుటాలతో కుస్తీ పడుతుంటారు. ఆ పైన సంస్కృతం, ప్రాకృతం కూడా నెగ్గుకు రావాలంటే, చిన్ననాటి నుంచి సంస్కృతం విన్న ఇళ్ళవారికి కలిసివచ్చినంతగా తక్కినవారికి కలిసిరాదు. ప్రమాణాన్ని పెంచే ఉద్దేశంతో తెచ్చిన నియమం చివరికి కొందరిని గుమ్మంలోనే ఆపవచ్చు. ప్రాచీన చరిత్రను ఎవరు రాస్తున్నారన్నది ఆ చరిత్రలో ఏం కనిపిస్తుందన్న దాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. కాబట్టి ఆ నష్టం విద్యార్థులతో ఆగదు, విద్యకూ తగులుతుంది.

తెలుగు విద్యార్థికి ఇక్కడ ఒక చిత్రమైన ఇబ్బంది కూడా ఉంది. తెలుగు శాసనాల్లో తొలిదిగా చాలామంది ఎంచే కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. తెలుగులో శాసనాలు విరివిగా కనిపించేది తూర్పు చాళుక్యుల మలి దశలోనూ కాకతీయుల కాలంలోనూ. అంటే మాతృభాష నిజంగా అక్కరకొచ్చే భాగంలో ఎక్కువ మధ్యయుగపు ఖాతాలోకి పోతుంది. 'ప్రాచీన' అన్న గీతను ఏడెనిమిది శతాబ్దాల దగ్గర గట్టిగా గీస్తే ఇక్కడి విద్యార్థి తన బలాన్ని బయట వదిలి లోపలికి రావలసి ఉంటుంది. గీతను చెరిపేసి అంతా 'చరిత్ర' అనేస్తే, ఆధునిక యుగానికి ఉన్న ఆదరణ ముందు శాసనాలు, నాణేలు ఒకటి రెండు పేపర్లకు కుదించుకుపోయే ప్రమాదం ఉంది. విడి విభాగం ఉండాలనేవారికీ కలిపేయాలనేవారికీ ఇందులో చెరి సగం న్యాయం ఉంది.

ఇక పని ఉందా అంటే, పరిశోధనకైతే కావలసినంత ఉంది. గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలులో దొరికిన శాతవాహన విజయుని శాసనాన్ని 2019లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రకటించింది. ఇది క్రీ.శ. 207 నాటిదని, దక్షిణాదిలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాల్లో తొలిదని శాసన నిపుణులు చెప్పారు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024 మార్చిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అదే ఫణిగిరి శిల్పాలు అంతకు ముందు ఏడాది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలి భారతీయ బౌద్ధ కళ మీద జరిగిన ప్రదర్శనలో నిలిచాయి. గణితంలో, భౌతికశాస్త్రంలో కొత్త సమస్య దగ్గరికి చేరడానికే ఏళ్ళు పడుతుంది. ఇక్కడ ఎం.ఏ. విద్యార్థికి బస్సెక్కి వెళ్ళగలిగినంత దూరంలోనే ఇంకా పూర్తిగా చదవని ఆధారం ఉండవచ్చు.

కానీ పరిశోధనకు పని ఉన్నంత మాత్రాన పరిశోధకుడికి కొలువు ఉందని కాదు. పురావస్తు శాఖలు, మ్యూజియాలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు: గట్టిగా లెక్కపెడితే దారులు ఇవే. వీటిలో నియామకాలు ఎప్పుడు జరుగుతాయో ముందే చెప్పగలిగేవారు లేరు. నోటిఫికేషన్ 'చరిత్ర' అని మాత్రమే అంటే, ప్రత్యేకమైన పేరున్న పట్టా దానికి సమానమా కాదా అన్న సందేహమూ తలెత్తవచ్చు. నెట్ పరీక్షలో చరిత్ర, పురావస్తు శాస్త్రం విడివిడి సబ్జెక్టులు కావడం ఒక విధంగా రెండు అవకాశాలు. రెండింటికీ సగం సగం సిద్ధమయ్యేవారికి అదే ఇరకాటం. పురావస్తు శాఖ గ్రేటర్ నోయిడాలో నడిపే పీజీ డిప్లొమా మంచి శిక్షణే గాని సీట్లు పరిమితం. 2020లో ఆ కోర్సు ప్రకటనలో అర్హతగా చెప్పిన ప్రాచీన భాషల జాబితాలో తమిళం లేకపోవడం మీద విమర్శలు వచ్చాయి. ఆ తర్వాత సవరించిన జాబితాలో తమిళంతో పాటు తెలుగు కూడా చేరింది. దక్షిణాది భాషల్లో చదివినవారికి తలుపు తెరుచుకోవడం ఎంతగా అడిగేవారి మీద ఆధారపడి ఉందో అది చూపింది.

ఉద్యోగాల మాట వచ్చినప్పుడు పోటీ పరీక్షలను తప్పించుకోలేం. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివేవారిలో కొందరు హాస్టలు, లైబ్రరీ, స్కాలర్‌షిప్ దొరుకుతాయని ఎం.ఏ.లో చేరతారు. దీన్ని ఆచార్యులు కొందరు అపచారంగా చూస్తారు. వారి బాధలో నిజం లేకపోలేదు: తరగతికి రానివారి కోసం పాఠ్యాంశం గైడు పుస్తకంలా మారుతుంది, వివాదం ఉన్నచోట ఒకే జవాబు కావలసి వస్తుంది, ప్రాజెక్టు పని పాత రిపోర్టుకు కొత్త అట్ట అవుతుంది. అయినా ఇదే విద్యార్థులు లేకపోతే కొన్ని విభాగాల్లో సీట్లు నిండకపోవచ్చు. సీట్లు నిండని విభాగానికి ఖాళీ అయిన ఆచార్య పదవులు తిరిగి రావడం మరీ కష్టం. పైగా సివిల్స్ చరిత్ర ఐచ్ఛికంలో మొదటి పేపరు పటంలో స్థలాలను గుర్తించి వివరించడంతోనే మొదలవుతుంది. దానికోసం చదివి ధూళికట్ట, సాలిహుండం ఎక్కడున్నాయో తెలుసుకున్న అధికారి రేపు ఒక మండలంలో రోడ్డు వేసేటప్పుడు దిబ్బను దిబ్బగా కాక స్తూపంగా చూడగలడేమో. అది పరిశోధన కాకపోయినా ప్రయోజనం కాకుండా పోదు.

అసలు పట్టా ఎందుకు అని అడిగేవారూ ఉన్నారు. వారి చేతిలో బలమైన ఉదాహరణలే ఉన్నాయి. 1837లో బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ టంకశాల ఉద్యోగి. అశోకుని పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనాన్ని 1915లో గుర్తించింది బంగారు గనుల ఇంజనీరు. ప్రాచీన భారత చరిత్ర రచనను మలుపు తిప్పిన కోశాంబి గణిత శాస్త్రవేత్త. మన దగ్గర మల్లంపల్లి సోమశేఖర శర్మ కళాశాల పట్టా లేకుండానే శాసనాలు చదివి, రెడ్డి రాజ్యాల చరిత్ర రాసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠం చెప్పే స్థాయికి ఎదిగారు. ఎం.ఏ. ఒక్కటే ఈ విద్యకు దారి అనడం వీరి ముందు నిలవదు.

ఐతే ఈ ఉదాహరణల్లో ఒక చిక్కుంది. స్వయంగా నేర్చుకుని నిలదొక్కుకున్నవారి పేర్లు మనకు తెలుస్తాయి, దారి తప్పినవారివి తెలియవు. ప్రిన్సెప్‌కు వెనక ఏషియాటిక్ సొసైటీ ఉంది, సోమశేఖర శర్మకు గురువుల, మిత్రుల పండిత గోష్ఠి ఉంది. విశ్వవిద్యాలయం లేని చోట ఏదో ఒక విద్యాసమాజం ఆ పని చేసింది. ఇప్పుడు తవ్వకానికి ప్రభుత్వ అనుమతి కావాలి, మట్టి పొరలను నమోదు చేయడం, కాలనిర్ణయ పరీక్షలకు నమూనా తీయడం ఒంటరిగా నేర్చుకునేవి కావు. నాగార్జునసాగర్ నీళ్ళు లోయను కమ్మేలోపు 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో నాగార్జునకొండలో జరిగిన తవ్వకాలను శిక్షణ పొందిన బృందం చేయకపోయి ఉంటే, ఈనాడు మళ్ళీ వెళ్ళి సరిదిద్దుకునే వీలు ఉండేది కాదు. మునిగిపోయిన చోటికి సంబంధించి మిగిలిన సాక్ష్యం వారి నివేదికలు, తరలించిన కట్టడాలు, మ్యూజియంలోని వస్తువులే.

శిక్షణ లేకపోవడం వల్ల జరిగే కీడు పరిశోధనతో ఆగదు. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ తమ ప్రాచీనతను చాటుకోవాలన్న ఉత్సాహం పెరిగింది. ఒకరికి కోటిలింగాల, ఇంకొకరికి ధాన్యకటకం గర్వకారణం. ఈ ఉత్సాహం వల్ల నిర్లక్ష్యానికి గురైన స్థలాలకు చూపు దక్కింది, స్థానిక చరిత్రకారులకు శ్రోతలు దొరికారు. అది మేలే. అయితే గర్వం ఆధారాన్ని ముందుకు తోస్తే పరవాలేదు గాని, ఆధారాన్ని ఎంచుకోవడం మొదలుపెడితే శాతవాహనులు ఎవరివారన్న వాదన రెండు వేల ఏళ్ళ కిందటి మనుషులకు ఈనాటి సరిహద్దులు గీయడంగా మారుతుంది. పీజీ చదువు దీనికి విరుగుడు కాగలదు. కాగలదనే అనాలి, అవుతుందని హామీ ఇవ్వలేం. పట్టా ఉన్నవారే ఆ వాదనకు పాదసూచికలు సమకూర్చిన సందర్భాలూ ఉంటాయి.

దీనికి పక్కనే మరో అసౌకర్యమైన విషయం ఉంది. తొలి ఆంధ్రదేశపు శాసనాలను కొత్తగా పరిష్కరించి, వరసపెట్టి, అందరికీ అందేలా ఆన్‌లైన్‌లో ఉంచిన పెద్ద ప్రయత్నం ఫ్రాన్స్ తదితర దేశాల సంస్థలకు చెందిన పండితులది. అమరావతి శిల్పాల్లో గణనీయమైన భాగం లండన్‌లో, చెన్నైలో ఉంది. దీన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. శాసనాల మీద జరిగిన ఆ పని వల్ల విశాఖలోనో తిరుపతిలోనో కూర్చున్న విద్యార్థి కూడా ఇప్పుడు మంచి పాఠాన్ని చూడగలడు. కానీ ఆ పండితులు ప్రాకృతం, సంస్కృతం, పాళీ ఏళ్ళ తరబడి చదివి ఈ పనికి దిగారు. అలాంటి నెమ్మది తయారీకి మన పీజీ చట్రంలో చోటు తగ్గుతోందా అని ఆలోచించాలి. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ళ డిగ్రీ చేసినవారికి ఏడాది పీజీకి వీలు కల్పించింది. డబ్బు, కాలం ఆదా అవుతాయన్న వాదనను పేద విద్యార్థి కళ్ళతో చూస్తే కాదనలేం. నాలుగో ఏడాదిలో లిపి, భాష పునాది పడి ఉంటే ఏడాది చాలవచ్చు. పడకపోతే, ఇప్పటికే ఇరుకైన చదువు ఇంకా ఇరుకవుతుంది.

ఇన్ని షరతుల మధ్య మధ్యే మార్గం ఏదైనా ఉందంటే అది ఇలా ఉండవచ్చు. బ్రాహ్మీ నుంచి తెలుగు లిపి దాకా అక్షర పరిణామాన్ని, సులువైన శాసనాలను మూలంలో చదవడాన్ని అందరికీ తప్పనిసరి చేయవచ్చు. తెలుగు చదవగలిగినవారికి ఇది అందని పని కాదు, ఏ ఇంటినుంచి వచ్చారన్న దానితో సంబంధం లేకుండా అందరూ ఇంచుమించు ఒకేచోట మొదలుపెడతారు. సంస్కృత, ప్రాకృతాల లోతైన అధ్యయనాన్ని పరిశోధన వైపు వెళ్ళదలచినవారికి ఐచ్ఛికంగా, పరీక్ష మార్కుల్లో తగిన విలువతో ఇవ్వవచ్చు. ప్రాచీన, మధ్యయుగాల మధ్య గీతను పాఠ్యాంశంలో కొంత సడలించి, కాకతీయుల దాకా తెలుగు శాసనాలను ఈ విద్యార్థులకు అందుబాటులో ఉంచవచ్చు. పోటీ పరీక్షల వారిని బయటికి పంపే బదులు, వారికీ ఒక్క వివాదాన్నైనా ఆధారాలతో సహా చర్చించే పేపరు పెట్టవచ్చు.

ఇవి కూడా ఖర్చు లేనివి కావు. లిపి నేర్పాలంటే నేర్పేవారు కావాలి. కాంట్రాక్టు అధ్యాపకులతో నెట్టుకొచ్చే విభాగం మీద కొత్త పేపరు మోపితే అది కాగితం మీదే ఉండిపోతుంది. సొంత మండలంలోని శాసనాలను నమోదు చేయమని ప్రాజెక్టు ఇవ్వడం మంచి ఆలోచనలా కనిపిస్తుంది గాని, అక్షరాలు కనబడడానికి రాతి మీద ఏదిపడితే అది పూసే విద్యార్థి మేలు కన్నా కీడే చేస్తాడు. రక్షణ లేని చోటును ఫొటోతో సహా పత్రికలకెక్కిస్తే చదివేవారిలో గుప్తనిధుల వేటగాళ్ళూ ఉంటారు. కాబట్టి ఇలాంటి పనిని తక్కువ మందితో, పర్యవేక్షణతో, స్థలాల వివరాలు ముందుగా పురావస్తు శాఖకు తెలిపే పద్ధతిలో మొదలుపెట్టడం క్షేమం. మార్పు నెమ్మదిగా జరిగితే విసుగు పుడుతుంది, తొందరపడితే రాయి చెడుతుంది. రెండింటిలో విసుగును భరించడమే తేలిక.

చేరాలా వద్దా అని ఆలోచించే విద్యార్థికి ఒకే సలహా సరిపోదు. ఆధారాన్ని స్వయంగా చదవాలన్న ఆసక్తి ఉండి, రెండేళ్ళ తర్వాత మరికొన్నేళ్ళు నిలకడలేని బతుకును తట్టుకోగల వెసులుబాటు ఇంట్లో ఉంటే, ప్రాచీన చరిత్ర విభాగాన్నే ఎంచుకోవడం సమంజసం. అప్పుడు కూడా చేరేముందు అక్కడ శాసనాలు, నాణేలు నేర్పే శాశ్వత అధ్యాపకులు ఉన్నారా, గత ఏడాది విద్యార్థులను ఏ తవ్వకానికైనా తీసుకువెళ్ళారా అని కనుక్కోవడం తప్పు కాదు. ఆసక్తి ఉండి వెసులుబాటు లేనివారు చరిత్రలో ఎం.ఏ. చేసి ప్రాచీన విభాగాన్ని ఐచ్ఛికంగా తీసుకుని, పక్కన బీఈడీనో మ్యూజియం నిర్వహణనో పటాల సాఫ్ట్‌వేర్‌నో నేర్చుకోవడం మేలు కావచ్చు. కేవలం పరీక్షల కోసమే అయితే ఈ పట్టా లేకుండా కూడా ఆ పని జరుగుతుందని మొహమాటపడకుండా చెప్పడం న్యాయం. ఈ మూడో వర్గానికి తలుపు మూయకుండానే మొదటి వర్గానికి కావలసిన లోతును కాపాడగలిగితే విభాగం తన పని తాను చేసినట్టే. దానికి ప్రభుత్వం నియామకాలు క్రమంగా జరపాలి, విశ్వవిద్యాలయం లిపి నేర్పే ఆచార్యుణ్ణి సీట్ల లెక్కతో మాత్రమే కొలవకుండా ఉండాలి. ఆ రెండూ జరగనంతకాలం తమ పిల్లలను ఈ చదువుకు పంపడానికి సందేహించే తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.